గుడారాలు వాటంతటవే వెలుస్తాయా?

హిమాలయ యాత్రల గురించి తెలుగులో వచ్చే రచనలను నేను ఇష్టంగానే చదువుతాను. అయితే కొంతకాలంగా వాటిలోని ఒక వింత వ్యాకరణం నన్ను వెంటాడుతోంది. సాయంత్రానికి గమ్యం చేరేసరికి గుడారాలు వెలుస్తాయి. చలికి వణుకుతూ కూర్చుంటే వేడివేడి సూపు వస్తుంది. తెల్లవారేసరికి సామాన్లు ముందుకు కదులుతాయి. వెలిసింది ఎవరి చేతిమీదుగా? వచ్చింది ఎవరి చేతుల్లో? కదిలింది ఎవరి వీపున? తెలుగులో కర్మణి ప్రయోగం సహజం కాదని, ఇంగ్లీషు వాసన వేస్తుందని మనం చీటికీ మాటికీ ఒకరినొకరం దిద్దుకుంటూ ఉంటాం. కర్తను మాయం చేయడానికి మాత్రం మనకు కర్మణి అవసరమే పడలేదు. కొండమీద దేవుడు వెలిసినట్టుగా గుడారం కూడా స్వయంభువుగా వెలుస్తుంది.

కర్త ఉన్న వాక్యాలు ఆ రచనల్లో లేకపోలేదు. నేను నడిచాను, నేను జయించాను, నన్ను నేను తెలుసుకున్నాను. ఈ మూడింటికీ కర్త ఒక్కడే.

చదువరులు నన్ను అపార్థం చేసుకోకుండా ముందే మనవి చేస్తాను. కొండలకు వెళ్ళవద్దని నేను చెప్పడం లేదు. డబ్బున్నవాళ్ళ విలాసమని ఎగతాళి చేయడమూ లేదు. గైడుతో, వంటవాడితో, మోతగాళ్ళతో రోజుల తరబడి సాగే హిమానీనద యాత్ర ఒక కార్యస్థలమని మాత్రమే అంటున్నాను. మిల్లు ఎలా కార్యస్థలమో, భవన నిర్మాణం జరిగే చోటు ఎలా కార్యస్థలమో, అదీ అంతే. దానికి డబ్బు కట్టిన మనిషి యాత్రికుడు కావచ్చు, సాధకుడు కావచ్చు, కవి కావచ్చు. ఆ ఆరు రోజులూ అతడు యజమాని కూడా. యజమాని అడగవలసినవి అడగకుండా వెళ్ళి, తిరిగివచ్చి ఆత్మాన్వేషణ గురించి పది పేజీలు రాయడం నాకు సమ్మతం కాదు.

ఇది బయట నిలబడి అంటున్న మాట కాదు. 2015 సెప్టెంబరులో నేను గంగోత్రి నుంచి గోముఖం మీదుగా తపోవనానికి వెళ్ళి వచ్చాను. ఆ దారి తెలియనివారి కోసం నాలుగు మాటలు. గంగోత్రి సముద్రమట్టానికి సుమారు 3,100 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడినుంచి భాగీరథి ఒడ్డు వెంట 14 కిలోమీటర్లు నడిస్తే భోజ్‌బాసా, సుమారు 3,800 మీటర్లు. మరో నాలుగు కిలోమీటర్లు పోతే గోముఖం. గంగోత్రి హిమానీనదం కరిగి నదిగా బయటపడే చోటు. అక్కడ హిమానీనదం మీదికెక్కి, దానిని అడ్డంగా దాటి, ఆకాశగంగ అనే వాగు పక్కన నిట్టనిలువుగా ఎక్కితే 4,400 మీటర్ల పైచిలుకు ఎత్తున తపోవనం. ఎదురుగా 6,543 మీటర్ల శివలింగ పర్వతం.

హిమానీనదమంటే తళతళలాడే తెల్లని మంచు అనుకొని వెళ్ళినవారికి అక్కడ ఆశాభంగమే. సుమారు 30 కిలోమీటర్ల పొడవున్న ఆ మంచునది, దగ్గరికి వెళ్తే, నల్లగా, మురికిగా, రాళ్ళ క్వారీలా ఉంటుంది. ఇళ్ళంత బండల నుంచి ఇసుక దాకా అన్నీ మంచు మీద పేరుకొని ఉంటాయి. రాయి కింద మంచు ఉన్నదో, మంచు కింద బోలుగా ఉన్నదో కంటికి తెలియదు. రాత్రి గడ్డకట్టి రాళ్ళను పట్టి ఉంచిన మంచు, ఎండెక్కాక పట్టు వదిలేస్తుంది. అందుచేత అక్కడ ఎటు నడవాలన్నదానికన్నా ఎన్నింటికి నడవాలన్నది ముఖ్యం. నిన్నటి కాలిబాట నేడు ఉంటుందన్న హామీ లేదు. గోముఖం విరిగిపడుతూ, వెనక్కి జరుగుతూ ఉన్నది కనుక నేను నడిచిన జాడ ఇప్పటికి ఎప్పుడో చెరిగిపోయి ఉంటుంది. ఆ వెనుకంజను లెక్కకట్టడానికి ఆధారమైన తొలి పటాన్ని 1935లో జె.బి.ఆడెన్ అనే భూగర్భ శాస్త్రవేత్త తయారుచేశాడు. (ఈయన కవి డబ్ల్యు.హెచ్.ఆడెన్‌కు అన్నగారు. సాహిత్యాభిమానులకు ఇదొక విశేషం.) ఇవన్నీ పుస్తకాల్లో చదువుకున్న నేను ఆ రాళ్ళ మీద పది అడుగులు సొంతంగా వేయలేను. మా గైడు వేయగలడు, మమ్మల్ని వేయించగలడు. నేను కొనుక్కున్నది ఆ విద్యను.

మేము ఎనిమిదిమందిమి. నలుగురు హైదరాబాదువారు, ఇద్దరు విశాఖవారు, ఇద్దరు అమెరికా నుంచి సెలవు మీద వచ్చినవారు. మా వెంట ఏడుగురు. గైడు, వంటవాడు, వంటసాయానికొక కుర్రవాడు ఉత్తరకాశీ దగ్గరి పల్లెలవాళ్ళు. మోతగాళ్ళు నలుగురూ పశ్చిమ నేపాల్ నుంచి వచ్చినవాళ్ళు. యాత్రల కాలంలో గంగోత్రిలో మోత, మిగతా కాలం ఊళ్ళో సేద్యం. వాళ్ళ పేర్లు నాకు తెలుసు. అడగకుండా నలుగురిలో పెట్టడం మర్యాద కాదు కనుక ఇక్కడ రాయడం లేదు.

అమెరికా మిత్రుడి దగ్గర ఒక చేతికాటా ఉన్నది. తిరుగు ప్రయాణంలో పచ్చళ్ళ పెట్టె తూచుకోవడానికి తెచ్చుకున్నది. బయల్దేరే ఉదయం సరదాగా మా సంచులు తూచుకున్నాం. అయిదు కిలోలు, ఆరు, అన్నిటికన్నా పెద్దది ఏడు. ఆ మోతగాళ్ళ మూటలు కూడా తూచుదామన్నాను. గైడు కాస్త ఇబ్బందిగా చూశాడు గాని కాదనలేదు. 34, 31, 36, 33. అంకెలు పైకి చదువుతుంటే సరదా సన్నగిల్లింది. ముప్పై ఆరు కిలోల మూట మోయవలసినవాడు మమ్మల్ని ఊరడిస్తున్నట్టుగా నవ్వి, "ఇది తక్కువే సాబ్" అన్నాడు.

ఇరవై మూడు కిలోల లెక్క మన తెలుగువాళ్ళకు ఎవరూ నేర్పనక్కరలేదు. శంషాబాదు విమానాశ్రయంలో పెట్టె నేలమీద తెరిచి, ఆవకాయ డబ్బా ఇందులోంచి తీసి అందులో పెట్టి, కందిపొడి చేతిసంచిలోకి మార్చి అమ్మలూ నాన్నలూ పడే యాతన ఎవరికి తెలియదు? ముప్పై రెండు కిలోలు దాటిన పెట్టెనయితే, అదనపు రుసుము కడతామన్నా, చాలా విమాన సంస్థలు తీసుకోవు. విమానం మోయలేక కాదు. ఆ పెట్టెను ఎత్తి దించే పనివాళ్ళ నడుములు దెబ్బతినకూడదని పెట్టుకున్న హద్దు అది. ఆ పనివాడు ఆ పెట్టెను చదునైన నేలమీద కొన్ని క్షణాలు ఎత్తుతాడు. నా ముందు నడిచిన మనిషి అంతకన్నా నాలుగు కిలోలు ఎక్కువ బరువును, నుదుటికి వేసుకున్న నామ్లో పట్టీ ఆధారంగా, 700 మీటర్ల ఎత్తు ఎక్కుతూ 14 కిలోమీటర్లు తీసుకువెళ్ళాడు. ఆ తరువాత దానితోనే హిమానీనదం దాటాడు. అతని కాళ్ళకున్నవి కాన్వాసు బూట్లు. నా కాళ్ళకున్నవాటి ఖరీదు ఇక్కడ చెప్పను.

దారి మొదట్లో తనిఖీ జరిగింది. మా సంచుల్లో ఎన్ని ప్లాస్టిక్ వస్తువులు ఉన్నాయో రాసుకున్నారు. చాలా మంచి పని. గోముఖం వైపు రోజుకు 150 మందికి మించి పంపకూడదన్న నియమం 2008 నుంచి ఉన్నది, అదీ మంచిదే. కొండ ఎంత మోయగలదో లెక్క వేసినవాళ్ళం, మనిషి ఎంత మోయగలడో లెక్క వేయలేమా? నా చాక్లెట్ కాగితం తిరిగి వచ్చిందో లేదో చూడడానికి ఒక పుస్తకమూ ఒక కలమూ ఉన్నాయి. మూట బరువు చూడడానికి ఆ దారిలో నాకు కనిపించిన కాటా పచ్చళ్ళది ఒక్కటే.

"వాళ్ళకు అలవాటేనండీ." ఈ మాట ఆ ఆరు రోజుల్లో ఎన్నోసార్లు విన్నాను. తిరిగివచ్చి మిత్రులకు చెబితే వాళ్ళూ ఇదే అన్నారు. ఈ ఒక్క వాక్యం మీద మన మనశ్శాంతి అంతా ఆధారపడి ఉంది కనుక దీని సంగతి కాస్త తీరిగ్గా చూడాలి.

టిబెటన్లకూ షెర్పాలకూ పలచని గాలిని తట్టుకొనే గుణం వంశపారంపర్యంగా కొంత వచ్చిందన్న మాట నిజమే. 2010లో దానికి సంబంధించిన జన్యువులను కూడా గుర్తించారు. అయితే నేపాలీలందరూ షెర్పాలు కారు. మధ్యకొండల్లోనూ, అంతకన్నా దిగువనా మొక్కజొన్న, వరి పండించుకొనే రైతు 4,000 మీటర్ల ఎత్తుకు వస్తే అతని ఊపిరితిత్తులు పడే పాట్లకూ విశాఖ నుంచి వచ్చిన మనిషి ఊపిరితిత్తులు పడే పాట్లకూ తేడా తక్కువ. తపోవనం ఎత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో పదింట ఆరు వంతులకు లోపే. అది డబ్బు కట్టినవాడికీ కట్టనివాడికీ ఒక్కటే. మూడు వేల మీటర్లు దాటాక నిద్రించే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదని వైద్యులు చెబుతారు. మా కార్యక్రమంలో మొదటి రోజే 700 మీటర్లు. అందుకు విరుగుడుగా మా ఎనిమిదిమందికీ మాత్రలు పంచారు. ఆ ఏడుగురికీ ఎవరూ ఏమీ ఇవ్వలేదు. మాకు తలనొప్పి వస్తే చుట్టూ చేరి నాడి చూశారు. మోతగాడికి తలనొప్పి వస్తే చెప్పడు. మూట దించితే ఆ రోజు కూలి పోతుంది. మరుసటి బృందానికి పిలవరు. చెప్పకపోవడాన్ని మనం అలవాటు అని అనువదించుకున్నాం.

నేపాల్‌లో నామ్చె బజారుకు వెళ్ళే దారిలో మోతగాళ్ళను తూచి, కొలిచి చేసిన ఒక పరిశోధన 2005లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. మగవాళ్ళు సగటున తమ శరీర బరువులో 93 శాతం, ఆడవాళ్ళు 66 శాతం బరువు మోస్తున్నారని, అంత మోస్తూ కూడా మిగతావారికన్నా తక్కువ శక్తి ఖర్చు చేస్తున్నారని అందులో తేలింది. దీన్ని చూపించి, చూశారా, శాస్త్రజ్ఞులే చెప్పారు అనే మిత్రులు ఉన్నారు. శాస్త్రజ్ఞులు చెప్పింది ఆ మోత వెనుక ఎంత నేర్పు ఉన్నదో. మిగతా ఏ వృత్తిలోనైనా నేర్పరికి కూలి పెంచుతాం. ఇక్కడ మాత్రం బరువు పెంచుతున్నాం.

అంతేకాదు, ఆ మోత మొదట అలవాటయిందెవరికి? మూట లేకుండా నడవడం మనకు అలవాటయింది. మన యాత్రాసాహిత్యానికి ఆద్యుడని చెప్పుకొనే ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరి కాశీ చూసి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరారు. ఆయన వెళ్ళింది పల్లకీలో. వెంట బోయీలు, పనివారు, సుమారు వందమంది పరివారం. బోయీలు లేకుండా ఆ ప్రయాణం సాగిందని ఆయన కాశీయాత్రాచరిత్ర చదివినవారెవరూ అనుకోరు. ఆయన తన కాలపు మనిషి. బోయీల కూలి న్యాయమా అని నేను ఇప్పుడు ఆయన్ని నిలదీయబోవడం లేదు. నూట తొంభై ఏళ్ళు దాటాక, ప్రజాస్వామ్యం గురించీ సమానత్వం గురించీ ఇంత చదువుకున్నాక, మనం రాసే యాత్రాచరిత్రల్లో పల్లకీ గాలిలో తేలుతూ పోతున్నది. అదే నాకు ఎబ్బెట్టుగా ఉన్నది.

శ్రీశ్రీ కవిత్వం కంఠతా వచ్చిన ఒక మిత్రుడు నాతో అన్న మాట: "మనం వెళ్ళకపోతే వాళ్ళకు అన్నం ఎక్కడిది? ఉపాధి కల్పిస్తున్నాం." ఆయన బట్టలమిల్లు యజమాని నోట ఈ మాట వింటే ఊరుకోడు. వెంటనే కనీస వేతనం, పని గంటలు, ప్రమాద పరిహారం అంటూ లేస్తాడు. కొండ ఎక్కగానే ఆయనకు యజమాని భాష ఎలా పట్టుబడిందో ఆశ్చర్యంగా ఉంటుంది. ఉపాధి కల్పించడం ఘనకార్యం కాదని నేనూ అనను. ఏ షరతుల మీద కల్పిస్తున్నామన్నదే ప్రశ్న.

చివరి రోజు బక్షీసు సంగతి కూడా చెప్పాలి. అందరం నిలబడి, ఒక కవరులో డబ్బు పెట్టి, చప్పట్లు కొట్టి, ఫోటో తీసుకుంటాం. కళ్ళు చెమరుస్తాయి. నావీ చెమర్చాయి. కాని ఆ కవరులో ఎంత ఉండాలో నిర్ణయించేది మా ఆనాటి మనఃస్థితి. శిఖరం కనబడితే ఎక్కువ, మబ్బు పట్టి కనబడకపోతే తక్కువ. లారీ ట్రాన్స్‌పోర్టు రసీదులో, ధాన్యం కొట్టు చిట్టాలో 'హమాలీ' అని విడిగా ఒక పద్దు ఉంటుంది. మోసినవాడు ఒకడున్నాడని ఆ కాగితం ఒప్పుకుంటుంది. నా యాత్ర రసీదులో ప్యాకేజీ అని ఒక్కటే అంకె, దాని కింద పన్ను. ఏడుగురు మనుషులు ఆ ఒక్క అంకెలో ఎక్కడ ఉన్నారో వెతికినా దొరకరు.

దొరకకపోతే ఏమవుతుందో ప్రమాదం జరిగినప్పుడు తెలుస్తుంది. నిజామాబాద్ జిల్లా వ్యవసాయ కూలీల బిడ్డ మాలావత్ పూర్ణ, ఆమెతోపాటు ఖమ్మం కుర్రవాడు ఆనంద్, 2014 మే 25న టిబెట్ వైపునుంచి ఎవరెస్టు ఎక్కినప్పుడు మనమందరం గర్వించాం. గర్వించవలసిందే. అదే ఋతువులో, ఏప్రిల్ 18న, నేపాల్ వైపు ఖుంబు మంచుపాతంలో హిమఖండాలు కూలి 16 మంది చనిపోయారు. అందరూ ఇతరుల యాత్రలకు దారి వేస్తూ, సామాన్లు చేరవేస్తూ ఉన్న నేపాలీ పనివాళ్ళు. అక్కడి ప్రభుత్వం మొదట ప్రకటించిన తక్షణ సాయం కుటుంబానికి 40,000 నేపాలీ రూపాయలు. షెర్పాలు తిరగబడి పని మానేశారు, ఆ వైపు యాత్రలు ఆ ఋతువుకు దాదాపుగా ఆగిపోయాయి. ప్రపంచమంతా చూస్తున్న ఎవరెస్టు మీదనే సంగతి ఇలా ఉంటే, ఎవరూ చూడని దారుల్లో మోతగాడి కుటుంబానికి ఏం దక్కుతుందో ఊహించుకోవచ్చు.

ఇక గైడు మాట. నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే ఇక్కడ మన ప్రాణాలు కూడా ముడిపడి ఉన్నాయి.

భోజ్‌బాసా నుంచి మేము ఆలస్యంగా కదిలాం. గోముఖం దగ్గర ఫోటోలతో మరింత ఆలస్యమయింది. మంచు అంచుకు చేరేసరికి పదకొండు దాటింది. గైడు పైకి చూసి, కాసేపు చెవి ఒగ్గి విని, ఈ రోజు దాటవద్దు, వెనక్కి పోయి రేపు తెల్లవారుజామున వద్దామన్నాడు. ఆకాశం నిర్మలంగా ఉంది. మాలో ఒకాయన, "ఇంత ఎండ కాస్తుంటే వెనక్కి వెళ్ళడమేమిటి?" అన్నారు. "ఎండ కాస్తోంది కాబట్టే సాబ్" అన్నాడు గైడు. అరగంట వాదన జరిగింది. డబ్బు కట్టింది తపోవనానికని ఒకరు, డెహ్రాడూన్‌లో విమానం తప్పుతుందని ఒకరు. చివరికి ఆ మొదటాయన, "కిందికి వెళ్ళాక మీకు రేటింగ్ ఇవ్వవలసింది మేమే కదా" అని నవ్వుతూ అన్నారు. ఆ నవ్వులోని బెదిరింపు గైడుకు అర్థమయింది. ఆ రేటింగు మీదనే అతనికి వచ్చే నెల పని దొరకడమో దొరకకపోవడమో ఉంటుంది. అతను కాసేపు నేలచూపులు చూసి, మళ్ళీ అదే మాట అన్నాడు. మేము వెనక్కి మళ్ళాం. అవతలి గట్టునుంచి రాళ్ళు దొర్లిన చప్పుడు దారిలో రెండుసార్లు వినిపించింది. మరునాడు చీకటితో లేచి, ఎండ పొడ తగిలేలోగా మంచు దాటాం. తపోవనం చూశాం. అందరి ఫోటోలూ చక్కగా వచ్చాయి.

ఆ పెద్దమనిషి తరువాత తన యాత్రానుభవం రాశారు. చక్కని భాష. ఆ రోజు గురించి అందులో ఒక్క వాక్యం ఉంది: వాతావరణం అనుకూలించక ఒక రోజు ఆగవలసి వచ్చిందట! ఆకాశంలో మబ్బుతునక లేని రోజు వాతావరణం కర్త అయింది. తన జీవనోపాధిని పణంగా పెట్టి ఎనిమిదిమందిని ఆపిన మనిషికి ఆ వాక్యంలో చోటు దొరకలేదు. నేను వ్యాకరణం గురించి ఎందుకు మొదలుపెట్టానో ఇప్పుడు మీకు అర్థమయి ఉంటుంది. తరువాత ఆ దారిన పోదలచినవాడు ఆ రచన చదివి నేర్చుకొనేదేమిటి? ఎండ కాస్తే వెళ్ళవచ్చునని.

మేము పట్టుబట్టి గైడును ఒప్పించి ఉంటే మా వెనకే 36 కిలోల మూట కూడా ఆ రాళ్ళ కిందికి వచ్చేది. మోతగాడి అభిప్రాయం మాలో ఎవరూ అడగలేదు, అడిగే ఏర్పాటూ లేదు. 2024 జూన్‌లో ఉత్తరకాశీ ప్రాంతంలోనే సహస్రతాల్ దారిలో మంచుతుపానుకు చిక్కి కర్ణాటక బృందంలో 9 మంది చనిపోయారు. అక్కడ ఏ క్షణాన ఏ నిర్ణయం ఎలా జరిగిందో తేల్చడానికి నేను ఎవరిని? కాని ఇలాంటి వార్త చదివినప్పుడల్లా నాకు ఆ అరగంట వాదనే గుర్తుకొస్తుంది. వెనక్కి తిప్పే అధికారం గైడుకు కాగితం మీద ఉంటే చాలదు. ఆ అధికారం వాడినందుకు అతని కూలి తగ్గదని, పని పోదని సంస్థ ముందే చెప్పాలి. అది విన్నామని మనం సంతకం పెట్టాలి.

కనుక డబ్బు కట్టేముందు అడగండి. మూట ఒక్కొక్కటి ఎన్ని కిలోలు, ఎవరు తూచుతారు? మోతగాళ్ళు రాత్రి ఎక్కడ పడుకుంటారు, వంట గుడారం నేలమీదా, వాళ్ళ గుడారంలోనా? వాళ్ళకు బూట్లు, స్లీపింగ్ బ్యాగు ఎవరిస్తారు? జబ్బు పడితే కిందికి ఒంటరిగా పంపుతారా, తోడు ఇస్తారా? ఈ చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గాని, ఎత్తు జబ్బు సోకిన మనిషి ఒంటరిగా దిగుతూ దారిలో కూర్చుండిపోతే అంతే సంగతులు. బీమా ఉన్నదా, ఎంతకు, ఎవరి పేరున? హెలికాప్టరు నా కోసమేనా, అతని కోసం కూడానా?

ఇవి ఆకాశానికి నిచ్చెనలు వేసే కోరికలేమీ కావు. పెరూ దేశంలో ఇన్కా ప్రజల పాత కాలిబాట మీద మోతగాళ్ళ బరువుకు హద్దు విధిస్తూ 2001లో చట్టమే చేశారు. దారి మొదట్లో మూటలు కాటా ఎక్కుతాయి. కిలిమంజారో పర్వతం మొదట్లోనూ కాటా ఉంది; 20 కిలోలు అక్కడి హద్దు. ఆ దేశాల్లో అంతా సవ్యంగా ఉన్నదని కాదు. మోసాలు అక్కడా జరుగుతాయి. కాని మోసం చేయాలంటే ముందు ఒక నియమం ఉండాలి కదా.

ఖర్చు పెరుగుతుందంటారు. పెరుగుతుంది. ఎంత పెరుగుతుందో మా లెక్కే వేసి చూశాను. నాలుగు మూటల మొత్తం 134 కిలోలు. మనిషికి ఇరవై కిలోలకు కాస్త లోపుగా పంచితే ఏడుగురు కావాలి, అంటే అదనంగా ముగ్గురు. ఆ ఏడాది గంగోత్రిలో నాకు చెప్పిన కూలి రోజుకు 800 రూపాయలు. ముగ్గురికి ఆరు రోజులకు 14,400. ఎనిమిదిమంది పంచుకుంటే తలకు 1,800. వాళ్ళ తిండీ బీమా కలుపుకుంటే ఇంకొంత. మా బృందంలో ఒకరు డెహ్రాడూన్‌లో తిరుగు విమానం తేదీ మార్చుకోవడానికి ఇంతకు రెట్టింపు కట్టారు, గొణుక్కుంటూనే అయినా కట్టారు.

తిరిగి వచ్చాక ఆ సంస్థకు ఉత్తరం రాశాను. పేరు అనవసరం. మూటల బరువులు రాసి, బీమా సంగతి అడిగి, గైడు ఆ రోజు చేసిన పనిని మెచ్చుకుంటూ అతనికి దీనివల్ల నష్టం రాకూడదని కోరాను. తొమ్మిదో రోజున జవాబు వచ్చింది. నా అమూల్యమైన అభిప్రాయానికి ధన్యవాదాలు చెప్పి, తరువాతి యాత్రకు పది శాతం తగ్గింపు ప్రకటించారు. ఆ పది శాతాన్ని మోతగాళ్ళ బీమాకు వాడమని తిరిగి రాశాను. దానికి జవాబు రాలేదు.